ప్రాణశక్తి జాడ తీసిన తెలుగువాడు: డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు

మామిడి కోతల కాలమున తిరువూరు ప్రాంతపు తోటలలో తెల్లవారకముందే పని మొదలగును. చిక్కము కట్టిన గెడతో కాయ కోయువాడు, గంప నెత్తికెత్తుకొను స్త్రీ, బండి లాగు ఎద్దు, పైకొమ్మమీద ఎగురు ఉడుత, వీరందరును ఒక్కటే చేయుచున్నారు, శక్తిని వెచ్చించుచున్నారు. ఆ శక్తి ఎక్కడిది అని అడిగిన, తిన్న తిండిలోనిది అని ఎవరైనను చెప్పగలరు. తిండిలోనికి ఎక్కడనుండి వచ్చినది అన్న, పచ్చని ఆకు సూర్యుని వెలుగును పట్టి దాచినది అని పాఠశాల బాలుడును చెప్పును. కాని ముద్ద కడుపులో పడుటకును, చేయి పైకి లేచుటకును నడుమ ఏమి జరుగుచున్నదో నూరేండ్ల క్రిందట ప్రపంచములో ఏ పండితునకును సరిగా తెలియదు. ఆ నడిమి మెట్టును కనుగొన్న కొలదిమందిలో ఒకరు తెలుగువారు. ఆయనయే డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు.

సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి, తల్లి వెంకమ్మగారు. సంతానము పెద్దది, రాబడి చిన్నది. అనారోగ్యముచే తండ్రి కొలువును ముందుగానే విడువవలసివచ్చెను. రాజమహేంద్రవరమున చదువుకు పెట్టిరి గాని బాలునకు దానిపై మనసు నిలువలేదు. పదమూడవయేట కాశికి పోయి యాత్రికులకు అరటిపండ్లమ్మి ధనము గడింపవలెనని ఇల్లు విడిచెననియు, తల్లి వెదకించి వెనుకకు రప్పించెననియు చెప్పుదురు. మెట్రిక్యులేషను పరీక్ష రెండు పర్యాయములు తప్పినది. మూడవసారి మదరాసు హిందూ హైస్కూలునుండి గట్టెక్కిరి. పరీక్ష తప్పిన పిల్లవాడు ఎందుకును కొరగాడని తీర్పు చెప్పు పెద్దలు ఈ సంగతిని ఒకమారు తలచుకొనదగును.

మదరాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియెటు చదువు సాగినది. 1913లో తండ్రి గతించిరి. ఆ దినములలో సుబ్బారావుగారి మనసు సన్న్యాసమువైపు మరలినది. రామకృష్ణ మఠమున చేరవలెనని కోరిరి. తల్లి ససేమిరా ఒప్పుకొనలేదు. తల్లి అనుమతి లేనిదే చేర్చుకొనుటకు మఠమువారికిని ఇష్టము లేకపోయెను. వైద్యము నేర్చి రోగులకు సేవ చేయుమని వారు దారి చూపిరి. అట్లు మదరాసు వైద్య కళాశాలలో అడుగుపెట్టిరి. గాంధీమహాత్ముని పిలుపు విని శస్త్రచికిత్స గదికి ఖద్దరు అంగీ ధరించి పోవుట ఆచార్యులలో ఒకరికి కంటగింపయ్యెను. చదివిన చదువునకు తగిన యం.బి.బి.యస్. పట్టమునకు బదులు, అంతకు తక్కువదైన ఎల్.ఎం.ఎస్. యోగ్యతాపత్రమే చేతికి దక్కినది. ఈ ఖద్దరు అంగీ వెల ఎంతయో తరువాత సముద్రములు దాటిన పిమ్మట గాని తెలియలేదు. చదువు ముగియకముందే 1919లో శేషగిరిగారితో వివాహమైనది. చదువునకు ధనసహాయము చేసినవారిలో మామగారు ముఖ్యులు.

1921లో ఆ ఇంట పిడుగు పడెను. అన్న పురుషోత్తమును, తమ్ముడు కృష్ణమూర్తియు ఎనిమిది దినముల వ్యవధిలో ఒకే జబ్బుచే కన్ను మూసిరి. ఆ జబ్బు పాశ్చాత్యులు స్ప్రూ అనునది. మనవారి వైద్యమున సంగ్రహణి అనుదానికి దగ్గరది. రోగి తినును, కాని తిన్నది ఒంటబట్టదు. ప్రేగులు ఆహారసారమును పీల్చుకొనజాలవు. నెత్తురు విరిగి, కండ కరగి, వంటయిల్లు నిండియుండగనే మనుష్యుడు ఆకలిచావు చచ్చును. సుబ్బారావుగారికి సైతము ఆ వ్యాధియే సోకినది. ఆయుర్వేద పండితులు, డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారి చికిత్సచే బ్రతికి బయటపడిరి. ఆ పిమ్మట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలోనే శరీరనిర్మాణ శాస్త్రమును బోధించుచు కొంతకాలము గడపిరి.

ఇద్దరు తోబుట్టువులను మింగి తనను విడిచిపెట్టిన ఆ వ్యాధికి మందు కనుగొనవలెనను పట్టుదలయే ఆయనను అమెరికాకు నడపినది. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మనిధి కొంత, మామగారు కొంత ధనమిచ్చిరి. ఇంట గర్భవతియైన భార్యను విడిచి ఓడ ఎక్కిరి. తరువాత పుట్టిన కుమారుడు పసితనముననే పోయెను. తండ్రి ఆ బిడ్డ ముఖమును చూడనేలేదు. ఆయన మరల స్వదేశమునకు రాలేదు. శేషగిరిగారు మాత్రము ఎదురు చూచుచు ఇక్కడనే యుండిరి. ఆ మహనీయుని కీర్తి వ్రాయునపుడు ఈ యిల్లాలి పాలును లెక్కలో వేయకుండుట న్యాయము కాదు.

బోస్టను నగరమున హార్వర్డు విశ్వవిద్యాలయమునకు చెందిన ఉష్ణమండల వైద్యశాలలో చేరిరి. మదరాసునుండి తెచ్చిన యోగ్యతాపత్రము అచట వైద్యవృత్తి సాగించుటకు చాలలేదు. పొట్ట గడచుటకై ఒక ఆస్పత్రిలో రాత్రివేళ రోగుల మలమూత్రపాత్రలను కడిగి శుభ్రపరచు పని చేసిరి. పగలు చదువు, రాత్రి ఊడిగము. 1924లో డిప్లొమా చేతికి వచ్చినది. అంతట హార్వర్డు వైద్య కళాశాలలోని జీవరసాయన శాఖలో సైరస్ ఫిస్కే అను ఆచార్యుని వద్ద పరిశోధనకు కుదిరిరి.

ఫిస్కే అప్పగించిన పని పైకి చూచుటకు అల్పము: రక్తములోను మాంసములోను భాస్వరము ఎంత గలదో కొలుచుట. భాస్వరము అన్న భయపడనక్కరలేదు. పొలమున చల్లు సూపరు ఫాస్ఫేటులోని సారము అదియే. మన్నులో అది కొరవడిన పైరు గిడసబారును. ఎముకలో, పాలలో, గింజలో, నెత్తురులో అది గలదు. కాని బొట్టెడు నెత్తురులో ఎంత గలదో తేల్చుట ఆనాడు కష్టము. సుబ్బారావుగారు ఫిస్కేతో కలిసి ఒక మార్గమును సానబట్టిరి. పరీక్షింపవలసిన ద్రవమునకు మాలిబ్డేటు అను లవణమును ఆమ్లముతో చేర్చి, పిదప మరియొక రసాయనము కలిపిన నీలిరంగు పుట్టును. భాస్వరము ఎంత హెచ్చైన నీలి అంత చిక్కనగును. తెలిసిన పాళ్లతో చేసిన రంగుతో దీనిని సరిపోల్చిన లెక్క తేలును. 1925లో ప్రకటించిన ఈ పద్ధతి ఫిస్కే–సుబ్బారావు పద్ధతి అను పేర లోకమంతట వ్యాపించెను. వైద్య విద్యార్థులు తరములతరబడి ఆ పేరును వల్లించిరి. అందులో రెండవ పేరు గలవాడు ఏ దేశమువాడో తెలియకయే వల్లించిరి.

ఇక అసలు కథ ఆ నీలిరంగులోనే దాగియున్నది. పిల్లి కండరమునుండి తీసిన రసమును పరీక్షించునపుడు రంగు రావలసినంత త్వరగా రాలేదు. మెల్లమెల్లగా, కొంత సేపటివరకు పెరుగుచు వచ్చినది. సామాన్యుడైనచో గాజుగొట్టము కడుగుటలో లోపమనుకొని పారబోసి మరల చేసియుండును. వీరు ఆ జాప్యమునే పట్టుకొనిరి. రంగు ఆలస్యముగ వచ్చుచున్నదన్న, భాస్వరము ఆలస్యముగ విడుదల యగుచున్నదని అర్థము. ఆలస్యముగ విడుదల యగుచున్నదన్న, అది దేనితోనో ముడివడి యున్నది; ఆ ముడి బహు సున్నితమైనది, పరీక్షలోని ఆమ్లము తగిలినంతనే విడిపోవుచున్నది. ఆ ముడిని వెదకి వెదకి 1927లో తేల్చిరి: క్రియాటిన్ అను పదార్థముతో ఫాస్ఫేటు కూడియున్న ఫాస్ఫోక్రియాటిన్. కండరము పని చేయునపుడు అది విడిపోవును. విశ్రమించినపుడు మరల కూడుకొనును. అదే సంవత్సరమున లండనులో ఎగిల్టన్ దంపతులును వేరుగా ఇట్టి పదార్థపు జాడ కనిపెట్టిరి.

ఈ చిన్న సంగతి పెద్ద సిద్ధాంతమునకు బీట పెట్టినది. అంతవరకు కండరము ముడుచుకొనుటకు లాక్టిక్ ఆమ్లమే కారణమని పండితుల నమ్మకము. ఎక్కువ పని చేసిన కండరమున ఆ ఆమ్లము చేరుట నిజమే. కండరముపై కృషికిగాను 1922 సంవత్సరపు నోబెలు బహుమానమును హిల్, మయర్‌హాఫ్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు పొందిరి. కాని 1930లో లుండ్స్‌గార్డ్ అను డెన్మార్కు శాస్త్రజ్ఞుడు, లాక్టిక్ ఆమ్లము పుట్టకుండ విషముచే ఆపిన కండరము సైతము కొంతసేపు ముడుచుకొనుననియు, అపుడు ఖర్చగునది ఫాస్ఫోక్రియాటినే యనియు చూపెను. పొగను చూచి పొగయే బండిని నడపుచున్నదని భ్రమపడినట్లు, పనికి ఫలముగ పుట్టినదానిని పనికి కారణముగ ఎంచిరని తేలినది.

ఫాస్ఫోక్రియాటిన్‌తో శోధన ఆగలేదు. కండరమున ఇంకను కొంత భాస్వరము లెక్కకు దొరకక మిగులుచుండెను. దానిని శుద్ధిచేయగా 1929లో వేరొక పదార్థము బయటపడినది. అడినోసిన్ అను ఒక భాగమునకు మూడు ఫాస్ఫేటులు ఒకదానివెనుక ఒకటి తగిలియున్న పదార్థమది. దాని పూర్తి పేరు అడినోసిన్ ట్రైఫాస్ఫేటు. పొడి అక్షరములలో ఏ.టి.పి. అదే సంవత్సరమున జర్మనీలో కార్ల్ లోమన్ అను శాస్త్రజ్ఞుడును దీనినే కనుగొని, కొలది మాసములు ముందుగా ప్రకటించెను. అందుచేత పుస్తకములలో లోమన్ పేరు ముందు నిలిచినది. ఇరువురును ఒకరి పని ఒకరెరుగక చేసినవారే. ఎవరి గౌరవమును తగ్గింపనక్కరలేదు. కాని సుబ్బారావుగారి పేరు పలు పాఠ్యపుస్తకములలో బొత్తిగా కనిపింపకపోవుట మాత్రము అన్యాయము.

ఈ ఏ.టి.పి. ఏమి చేయునో కొంచెము నిదానముగా చూడవలెను; జీవకోటి మనుగడ అంతయు దానిపై నిలిచియున్నది.

ఆకు అడుగున కంటికి కానరాని రంధ్రములుండును. వానిగుండ గాలిలోని బొగ్గుపులుసు వాయువు లోనికి పోవును. వేళ్ళు పీల్చిన నీరు కాడగుండ పైకి వచ్చును. ఆకులోని పత్రహరితము సూర్యుని వెలుగును పట్టును. ఆ వెలుగు బలముచే నీరు విడివడి, అందలి ప్రాణవాయువు గాలిలో కలియును. మిగిలినది బొగ్గుపులుసు వాయువుతో కూడి చక్కెర యగును. ఇదియే కిరణజన్య సంయోగక్రియ. ఆ చక్కెరయే వడ్లగింజలో పిండిగ, వేరుసెనగలో నూనెగ, మామిడిపండులో తీపిగ రూపు మార్చుకొనును. శ్వాసక్రియ దీనికి ఎదురు నడక. చక్కెర ప్రాణవాయువుతో కలిసి మెల్లమెల్లగా దహింపబడి, మరల బొగ్గుపులుసు వాయువుగ, నీరుగ మారును. పోవుచు పోవుచు, ఆకు దాచిన శక్తిని విడిచిపెట్టును.

ఊపిరితిత్తులు గాలి పీల్చి విడుచుటయే శ్వాసక్రియ యని పలువురి తలంపు. అది గాలిని తెచ్చి ఇచ్చు కూలిపని మాత్రమే. నిజమైన శ్వాసక్రియ దేహములోని ప్రతి జీవకణమునందును రేయింబవళ్ళు జరుగుచునే యుండును. చెట్లకును అంతే. రాత్రివేళ చింతచెట్టు క్రింద పరుండరాదని పెద్దలందురు. చెట్టు రాత్రియందే ఊపిరి తీయునను భావము దానితో కొందరి మనసులలో నాటుకొన్నది. చెట్టు పగలును ఊపిరి తీయుచునే యుండును. కాని పగటివేళ అది విడుచు బొగ్గుపులుసు వాయువుకన్న ఆకు గ్రహించునది ఎన్నోరెట్లు హెచ్చు గనుక, విడుచుట కనబడదు.

పొయ్యిలో కట్టెను కాల్చిన ఉన్న శక్తియంతయు మంటయై ఒక్కమారు పోవును. దేహము అట్లు కాల్చుకొన్న బూడిదయే. పైగా వేడి ఎంత యున్నను దానితో కండరము ముడువబడదు. గాదె నిండ వడ్లున్న రైతు సంతలో ఉప్పు కొనవలెనన్న, బస్తా మోసికొని పోయి అంగడివాని ముందు కుమ్మరింపడు. చేత చిల్లర యుండవలెను. చక్కెరయు క్రొవ్వును గాదెలోని వడ్లవంటివి. ఏ.టి.పి. చేతిలోని చిల్లర. దాని మూడు ఫాస్ఫేటులలో చివరిది విడిపోవునపుడు కొలచి ఇచ్చినట్లు కొంత శక్తి పనికి వచ్చును. కండరము ముడుచుకొనుటకు, నరముగుండ వార్త సాగుటకు, వేరు ఉప్పును లోనికి లాగుటకు, గాయము మానుటకు, మిణుగురు వెలుగుటకు అదే చిల్లర చెల్లును. ఖర్చైనదానిని శ్వాసక్రియ మరల మూడవ ఫాస్ఫేటు తగిలించి నిలబెట్టును. ఒక గ్లూకోజు అణువు ప్రాణవాయువుతో పూర్తిగా దహింపబడిన దాదాపు 30 ఏ.టి.పి. అణువులు తయారగును, పాత పుస్తకములు 36 లేక 38 అని వ్రాసెడివి. ప్రాణవాయువు లేకున్న నికరముగా మిగులునవి రెండే. ఊపిరాడక కొలది నిముషములలోనే మెదడు చెడుటకు మూలమిదియే. తిండి లేక కాదు, చిల్లర లేక.

విచిత్రమేమన, ఒక్కసారిగా చూచిన దేహములో ఉండు ఏ.టి.పి. బహు స్వల్పము. కాని దినమంతయు తయారై ఖర్చై మరల తయారగుదానిని కూడినచో, విశ్రాంతిగ నున్న మనుష్యునకు సైతము ఇంచుమించు తన బరువంత యగునని లెక్క. కబడ్డీ ఆటగాడు గీత దాటి ఎగబడునపుడు ఉన్న ఏ.టి.పి. ఒకటి రెండు సెకండ్లకు చాలును. వెంటనే ఫాస్ఫోక్రియాటిన్ తన ఫాస్ఫేటును అప్పిచ్చి మరి కొన్ని సెకండ్లు, మొత్తము మీద పది సెకండ్ల వరకు, నిలబెట్టును. ఆ తరువాత చక్కెర దహనమే దిక్కు. ఆటగాడు కూత ముగించి వచ్చి రొప్పుట ఆ అప్పు తీర్చుటయే. ఈ లెక్కలో మొదటి రెండు పద్దులును హార్వర్డు ప్రయోగశాలలో సుబ్బారావుగారి చేతిమీదుగా వెలుగు చూచినవి.

1930లో హార్వర్డు విశ్వవిద్యాలయము డాక్టరేటు నిచ్చినది. అయినను స్థిరమైన కొలువు దొరకలేదు. పరిశోధనలో వెలుగు చూడవలసిన ఫలితములు కొన్ని ప్రకటనకు నోచుకొనలేదనియు, తరువాత ఇతరులు వానిని మరల కనుగొనవలసివచ్చినదనియు, ఆనాడు అక్కడనే పనిచేసి తరువాత నోబెలు బహుమానము నందిన జార్జి హిచింగ్స్ చెప్పియున్నారు. ఆ సంవత్సరములలో ఆయన చూపు కాలేయమువైపు మరలినది. నెత్తురు విరిగిన రోగులకు కాలేయసారము పని చేయుచుండెను. అందలి మందు ఏదియో తెలియదు. సంగ్రహణి రోగికి పాలిపోవు నెత్తురును ఆయన మరువలేదు.

1940లో హార్వర్డును విడిచి, న్యూయార్కు రాష్ట్రమున పెరల్ రివర్ అను ఊర నున్న లెడర్లీ ప్రయోగశాలలకు పోయిరి. అనతికాలమున అచటి పరిశోధనశాఖకు అధిపతి యైరి. ఒంటరిగా గాజుగొట్టము పట్టిన మనుష్యుడు ఇపుడు పలువురు శాస్త్రజ్ఞులను నడపు నాయకుడు. 1930 ప్రాంతమున బొంబాయిలో లూసీ విల్స్ అను వైద్యురాలు, గర్భిణీస్త్రీలకు వచ్చు ఒక విధమైన రక్తహీనత ఈస్టు సారముతో నయమగుటను చూపియుండెను. అందులోను కాలేయములోను గల ఆ వస్తువే ఫోలిక్ ఆమ్లము. సుబ్బారావుగారి బృందము దానిని శుద్ధిచేసి, కృత్రిమముగ తయారుచేసి 1945లో లోకమునకు తెలిపినది. రక్తహీనతలకే గాక స్ప్రూ వ్యాధికిని అది మందయ్యెను. పురుషోత్తము, కృష్ణమూర్తి గతించి అప్పటికి ఇరువదినాలుగు సంవత్సరములు. నేడు ఆరోగ్య ఉపకేంద్రములలో గర్భిణులకు ఇనుముతో కలిపి ఇచ్చు మాత్రలో ఉన్నది ఈ ఫోలిక్ ఆమ్లమే.

మిగిలిన విజయములు ఒకదానివెంట నొకటి వచ్చినవి. ఫోలిక్ ఆమ్లమును పోలియుండి దాని పనిని అడ్డగించు అమినాప్టెరిన్ అను పదార్థమును తయారుచేసి ఇయ్యగా, బోస్టనులో సిడ్నీ ఫార్బర్ దానిని రక్తకేన్సరు సోకిన పిల్లలకు వాడి, తాత్కాలికముగా నైనను వ్యాధిని వెనుకకు నెట్టవచ్చునని 1948లో చూపెను. దాని తోబుట్టువగు మెథోట్రెక్సేటు నేటికిని వాడుకలో గలదు. బోదకాలు పురుగులపై పనిచేయు హెట్రజాన్ 1947లో వెలువడినది. డై ఇథైల్ కార్బమజైన్ అను పేర ఆ మందునే తరువాతికాలమున కోస్తా జిల్లాలలో ఇంటింట మ్రింగించిరి. డెల్టాలో పుట్టినవాని పర్యవేక్షణలో తయారైన మందు డెల్టాకే చేరుట చెప్పుకొనదగినది. ఆయన నాయకత్వముననే బెంజమిన్ డగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవినుండి ఆరియోమైసిన్ తీసెను. టెట్రాసైక్లిన్ వర్గపు మందులలో అది మొదటిది. 1948లో లోకమునకు ప్రకటింపబడినది.

ఆ సంవత్సరము ఆగస్టు మాసముననే, ఒక రాత్రి నిద్రలోనే గుండె ఆగి సుబ్బారావుగారు కన్ను మూసిరి. వయస్సు యేబదిమూడు. భారతదేశము స్వతంత్రమై ఒక్క సంవత్సరము నిండవచ్చినది. అమెరికా పౌరసత్వము ఆయన స్వీకరింపలేదు.

ఏ.టి.పి. కథ ఆయనతో ముగియలేదు. అది జీవకణములలో శక్తిని చేతులు మార్చు సామాన్య సాధనమని 1941లోనే ఫ్రిట్జ్ లిప్‌మన్ వివరించియుండెను. ఐతే అది శ్వాసక్రియకు మాత్రమే సంబంధించినదా? 1954లో కాలిఫోర్నియాలో డేనియల్ ఆర్నన్ పాలకూర జాతి ఆకునుండి హరితరేణువులను వేరుచేసి వెలుగులో ఉంచగా, అవి ఏ.టి.పి.ని తయారుచేసినవి. ఆకు మొదట వెలుగును చిల్లరగ మార్చుకొని, ఆ చిల్లరతో చక్కెరను కట్టుచున్నది. కండరము ఆ చక్కెరను విప్పి మరల అదే చిల్లరను చేసికొనుచున్నది. పిల్లి కండరమున దొరికిన వస్తువే పచ్చని ఆకులోను దొరికినది.

అది తయారగు తీరును 1961లో ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు పీటర్ మిచెల్ ఊహించెను. నాగార్జునసాగరమున నీటిని ఆనకట్ట వెనుక ఎత్తున నిలిపి, ఒక్క దారిగుండ దింపి, చక్రమును త్రిప్పి విద్యుత్తు తీయుదురు. జీవకణములోని మైటోకాండ్రియా అను సూక్ష్మభాగమున పలుచని పొర ఆనకట్టవంటిది. చక్కెర దహనమువలన వచ్చిన బలముతో ఉదజని అయానులు పొరకు ఒక ప్రక్క చేర్చబడును. అవి తిరిగి రెండవ ప్రక్కకు దిగునపుడు ఏ.టి.పి. తయారగును. ఆకులో వెలుగు ఆ తోడుపని చేయును. మొదట పలువురు ఈ మాటను నమ్మలేదు. 1978లో మిచెల్‌కు నోబెలు బహుమానము వచ్చినది. పొరలోని ఆ యంత్రము నిజముగనే చక్రమువలె తిరుగుచు ఏ.టి.పి.ని చేయునని తేల్చినందుకు పాల్ బోయర్, జాన్ వాకర్ అనువారు 1997లో అదే గౌరవమున భాగస్వాములైరి.

సుబ్బారావుగారికి అట్టి బహుమానమేదియు రాలేదు. 1953లో ఒక జాతి శిలీంధ్రమునకు సుబ్బరోమైసిస్ అని ఆయన పేర నామకరణము చేసిరి. శతజయంతి సంవత్సరమగు 1995లో భారత తపాలా శాఖ ఆయన బొమ్మతో బిళ్ళ వెలువరించినది. భాస్వరమును నీలిరంగుతో కొలుచు ఆ 1925 నాటి పత్రము మాత్రము జీవరసాయన శాస్త్రమున అత్యధికముగా పేర్కొనబడిన పత్రములలో ఒకటిగా నిలిచినది.